బీరు తోటకు పులిహోర పట్టుకెళ్లవచ్చు

సంపాదకులకు నమస్కారం.

జర్మనీలోని మ్యూనిక్ నగరం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. రాజప్రాసాదాలు, చిత్రశాలలు, కార్ల ప్రదర్శనశాల గురించి రాసినంత వరకు నాకు పేచీ లేదు. తిండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం రచయిత గంపగుత్తగా తీర్పు చెప్పేశారు. ఊరంతా బీరు మయమట. పిల్లాపాపలతో కూర్చోవడానికి మర్యాదైన చోటే లేదట. శాకాహారి అయితే బ్రెడ్డు నమిలి నీళ్లు తాగి పడుకోవాలట. ఆయన ఎక్కడ తిన్నారో వ్యాసంలోనే ఉంది. నగరం నడిబొడ్డున ఉన్న కూడలిలో, గడియారం బొమ్మలు తిరిగే గోపురానికి ఎదురుగా, నాలుగు భాషల్లో ధరల పట్టిక పెట్టి పర్యాటకుల కోసమే నడిపే హోటల్లో. అక్కడ తిని ఊరిని తిట్టడం న్యాయం కాదు.

నేను ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేస్తాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి కాపురం ఇక్కడే. మాంసం తినను, మద్యం ముట్టను. అయినా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఎండ కాసిన సాయంత్రాల్లో నేను ఎక్కువగా కనిపించేది బీరు తోటల్లోనే, అంటే చెట్ల కింద బల్లలు వేసి బీరు అమ్మే ఆరుబయటి చోట్లలోనే. ఆ పేరు విని మన వాళ్లు ఆమడ దూరం జరుగుతారు కాబట్టే ఈ ఉత్తరం. ఈ నగరంలో తక్కువ ఖర్చుతో, ఎవరి తిండి వాళ్లు తింటూ, మూడు తరాల వాళ్లూ కలిసి కూర్చోగలిగిన చోటు అంతకు మించి లేదు. మీ రచయిత ఫిర్యాదులన్నింటికీ అక్కడే జవాబు ఉంది. ఆయన గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.

ముఖ్యమైన సంగతి ముందే చెబుతాను. మ్యూనిక్ బీరు తోటకు ఎవరి తిండి వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. పానీయం మాత్రం అక్కడే కొనాలి. ఇది యజమాని దయ కాదు, పెద్దమనుషులు చూసీచూడనట్టు వదిలేసే అలవాటూ కాదు. దీని వెనక రాజుగారి ఉత్తర్వు ఒకటి, ప్రభుత్వ నిబంధన ఒకటి ఉన్నాయి.

పదహారో శతాబ్దంలో, మ్యూనిక్ రాజధానిగా ఉన్న బవేరియాలో వేసవి కాలం బీరు కాచడాన్ని నిషేధించారు. సెప్టెంబరు 29న వచ్చే మైకేల్ పండుగ నుంచి ఏప్రిల్ 23న వచ్చే జార్జి పండుగ వరకే అనుమతి. పొయ్యిల మంటలతో ఊళ్లు అంటుకుంటాయన్న భయం ఒక కారణం. ఇక్కడి రకం బీరు చల్లదనంలోనే సరిగా పులుస్తుంది, అది రెండో కారణం. కాబట్టి మార్చిలో కొంచెం ఘాటుగా కాచిన బీరును వేసవంతా దాచుకోవాలి. అందుకు ఇజార్ నది ఒడ్డు మెరకల్లో నేలమాళిగలు తవ్వారు. చలికాలంలో చెరువుల మీద పేరుకున్న మంచుగడ్డలు కోసి తెచ్చి లోపల పేర్చారు. పైన నేల వేడెక్కకుండా కంకర పరిచి గుర్రపు చెస్ట్‌నట్ చెట్లు నాటారు. వాటి ఆకులు వెడల్పు, నీడ చిక్కన. వేళ్లు లోతుకు పోవు కాబట్టి కింది కమాను కప్పులకు ప్రమాదం లేదు. ఇప్పటికీ ఏ పాత తోటకు వెళ్లినా కాళ్ల కింద కంకర, తల మీద ఆ చెట్లే ఉంటాయి. అందం కోసం అనుకుంటారు చూసినవాళ్లు. నిజానికి అదంతా సరుకు పాడవకుండా చేసుకున్న ఏర్పాటు.

అంత చల్లటి నీడ కనిపిస్తే జనం ఊరుకుంటారా? నేలమాళిగ దగ్గరే బల్లలు వేయించుకుని తాగడం మొదలుపెట్టారు. బేరం పోతోందని ఊళ్లోని పూటకూళ్ల వాళ్లు గగ్గోలు పెట్టారు. బవేరియా మొదటి రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ 1812 జనవరి 4న ఇద్దరికీ మధ్యేమార్గం చెప్పాడు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు బీరు కాచేవాళ్లు తమ మాళిగల దగ్గరే బీరు, రొట్టె అమ్ముకోవచ్చు. వండిన పదార్థాలు, ఇతర పానీయాలు మాత్రం అమ్మకూడదు. ఆకలైన జనం ఏం చేస్తారు? మూట కట్టుకుని వచ్చారు. 1870లలో ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండె ఇదే ఊళ్లో బీరు కంపెనీల కోసం శీతలీకరణ యంత్రాలు రూపొందించాక మాళిగల అవసరం తీరిపోయింది. తోటల్లో వంట అమ్మకూడదన్న నిషేధమూ ఎప్పుడో పోయింది. తిండి మూట మాత్రం నిలిచింది.

అది ఊరికే నిలవలేదు, జనం వీధికెక్కి నిలబెట్టుకున్నారు. 1995లో నగరానికి దక్షిణాన గ్రోస్‌హెస్సెలోహెలో ఉన్న వాల్డ్‌విర్ట్‌షాఫ్ట్ అనే తోట మీద ఇరుగుపొరుగు వాళ్లు శబ్దం ఎక్కువైందని కోర్టుకు వెళ్లారు. రాత్రి 9.30కే మూసేయాలని తీర్పు వచ్చింది. వేసవిలో ఇక్కడ ఆ వేళకు ఇంకా వెలుతురు ఉంటుంది! మే 12న 20 వేల మందికి పైగా నగరం నడిబొడ్డున ఊరేగింపు తీశారు. దాన్ని ఇక్కడి వాళ్లు ఇప్పటికీ బీరు తోటల విప్లవం అంటారు. నవ్వకండి, అంత మాటా వాడతారు. ప్రభుత్వం హడావిడిగా ఒక నిబంధన తెచ్చింది. దాన్ని సమాఖ్య పాలనా న్యాయస్థానం కొట్టేసింది. 1999 ఏప్రిల్ 20న మరొకటి వచ్చింది, అదే నేటికీ అమలులో ఉంది. దాని ప్రకారం సంగీతం రాత్రి 10కి ఆగాలి. వడ్డన 10.30కి ఆగాలి. వచ్చినవాళ్ల బళ్ల సందడి కూడా 11కల్లా అణగాలి. బీరు తోట అనిపించుకోవాలంటే ఏం ఉండాలో కూడా అందులో రాశారు. చెట్ల కింద ఆరుబయట ఉండాలి, వచ్చినవాళ్లు సొంత తిండి రుసుము లేకుండా తినే వీలుండాలి. ఈ రెండో షరతు లేనిదాన్ని హోటలు పెరడు అనుకోవచ్చు, బీరు తోట అనుకోవడానికి లేదు.

ఇంత తెలిసినా మన వాళ్లు అక్కడ తడబడే చోటు ఒకటుంది. ప్రతి పెద్ద తోటలోనూ రెండు భాగాలు ఉంటాయి. ఒకవైపు బల్లల మీద యజమాని పరిచిన గుడ్డ, కత్తులు, ఫోర్కులు, ధరల పట్టిక కనిపిస్తాయి. అక్కడ మనిషి వచ్చి అడిగి వడ్డిస్తాడు. ఆ భాగంలో డబ్బా విప్పకూడదు. రెండోవైపు వట్టి చెక్క బల్లలు, వీపుకు ఆనుకునే పలక కూడా లేని బెంచీలు. అది మనది. కిటికీ దగ్గర వరసలో నిలబడి పానీయం మనమే తెచ్చుకోవాలి. కిందటి వేసవిలో మాకు తెలిసిన కుటుంబం ఒకటి, ఏ తోటో పేరు ఎందుకులెండి, గుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చుని చపాతీలు విప్పారు. వడ్డించే అతను చెప్పిన మాట కటువుగానే ఉంది. అందులో జాతి వివక్ష కనిపించిందని వాళ్లు ఇంటికొచ్చి బాధపడ్డారు. నేను ఆ పూట అక్కడ లేను, అతని మనసులో ఏముందో చెప్పలేను. కానీ పక్కనే ఉన్న వట్టి బల్ల చూపించి 'అక్కడ తినండి' అని మర్యాదగా అనడానికి ఎంతసేపు పడుతుంది? ఈ ఊళ్లో వడ్డించేవాళ్ల నోటి దురుసు ప్రసిద్ధమే. స్థానికులు దాన్ని కూడా సంప్రదాయంలో భాగమన్నట్టు మురిపెంగా చెప్పుకుంటారు. నాకు ఆ మురిపెం ఎన్నేళ్లైనా అంటలేదు.

బల్లలు పొడవుగా ఉంటాయి, ఒక్కో బల్లకు ఎనిమిదీ పదిమంది పడతారు. ఖాళీ ఉంటే 'ఇక్కడ కూర్చోవచ్చా' అని అడిగి ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు. కాదనే వాళ్లు అరుదు. బల్ల మీద ఇనుప చట్రంలోనో చెక్క పలక మీదనో స్టామ్‌టిష్ అని రాసి ఉంటే మాత్రం అటు వెళ్లకండి. ఏళ్ల తరబడి వారం వారం అదే చోట కలిసే పాత మిత్రుల బల్ల అది. తోట సగం ఖాళీగా ఉన్నా సరే, దాని మీద చేయి ఆన్చినా గుర్రుగా చూస్తారు.

ఇక ఖర్చు. మాస్ అంటే లీటరు బీరు. తోటల్లో దాని ధర ఇప్పుడు పది యూరోలకు కాస్త అటూఇటూగా ఉంది. మీ రచయిత రాసిన పదిహేను యూరోల లెక్క శరదృతువులో జరిగే ఒక్టోబర్‌ఫెస్ట్ ఉత్సవానిది. 2025లో అక్కడ లీటరు 14.50 నుంచి 15.80 యూరోల దాకా పలికింది. ఆ ధర చూపించి ఏడాది పొడుగునా ఊరు ఇంతే అనడం సరికాదు. తాగని వాళ్లకు మరో ఆసరా ఉంది. మద్యం అమ్మే ప్రతి చోటా కనీసం ఒక మద్యం లేని పానీయం, అంతే పరిమాణంలో అన్నింటికన్నా చవకైన మద్యం ధరను మించకుండా అమ్మాలని జర్మనీ చట్టం చెబుతుంది. జనం నోట దాని పేరు ఆపిల్ రసం నిబంధన. కాబట్టి పట్టికలో పైనుంచి కింది దాకా ఓపికగా చదవండి. నేను తీసుకునేది ఆప్‌ఫెల్‌షోర్లె, అంటే ఆపిల్ రసంలో సోడా నీళ్లు కలిపినది. పిల్లలకు ష్పెట్సి ఇష్టం, అది కోలా, నారింజ పానీయం కలిపిన మిశ్రమం. గ్లాసుకు ఒకటో రెండో యూరోలు బయానా కట్టించుకుంటారు. గ్లాసు తిరిగి ఇచ్చి ఆ డబ్బు మరిచిపోకుండా తెచ్చుకోండి. కొన్ని కిటికీల దగ్గర కార్డు తీసుకోరు, జేబులో నోటు ఉండాలి.

రాడ్లర్ విషయంలో మాత్రం జాగ్రత్త. నిమ్మ సోడా రుచి తగలగానే మన వాళ్లు దాన్ని నిమ్మరసం అనుకుని పెద్దవాళ్లకు, పిల్లలకు ఇచ్చేస్తున్నారు. అందులో సగం బీరే. గోధుమ బీరుతో అదే పని చేస్తే దాన్ని రుస్ అంటారు. మద్యం లేదని రాసిన బీరులో కూడా అర శాతం దాకా ఉండవచ్చు. ఎవరి నియమం ఎంత గట్టిదో వాళ్లకే తెలుసు కాబట్టి చెబుతున్నాను. పదహారేళ్లు నిండిన వాళ్లకు ఇక్కడ బీరు అమ్మవచ్చు, అది చట్టం. హైస్కూలు పిల్లలు గ్లాసులతో కనిపిస్తే కంగారు పడకండి. నా కూతురికి ఆ వయసు వచ్చినప్పుడు నేను పడ్డాను, అది వేరే సంగతి.

ఇంటి నుంచి ఏమీ తేని రోజు శాకాహారి ఏం తినాలి? బ్రేత్సన్ అనే ముడి వేసి కాల్చిన రొట్టె ఉంది. చేతి వెడల్పుకు మించి ఉంటుంది, పైన ఉప్పు పలుకులు, పొట్ట దగ్గర మెత్తన, చేతుల ముడి దగ్గర కరకర. దానితో ఒబాట్స్‌డా తింటారు. బాగా పండిన కామంబేర్ జున్నును వెన్న, మిరప పొడి, ఉల్లిపాయ వేసి మెదిపిన ముద్ద అది. కొందరు అందులో ఒక చుక్క బీరు పోస్తారు, అడిగి తీసుకోండి. బంగాళదుంప తురిమి నూనెలో కాల్చిన రైబర్‌డాచి దొరికితే వదలకండి, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. బంగాళదుంప సలాడ్ మాత్రం పైకి అమాయకంగా కనిపిస్తుంది కానీ బవేరియాలో దాన్ని తరచుగా మాంసం ఉడికించిన రసంతో కలుపుతారు. ఈ సంగతి ఏ పర్యాటక పుస్తకమూ మనకు చెప్పదు. మాంసం, చేపలు తినే వాళ్లకు చెప్పేదేముంది, బొగ్గుల పక్కన పుల్లకు గుచ్చి కాల్చే చేప వాసనకే మా వారు వరసలో నిలబడతారు.

ఇదంతా చెప్పినా నమ్మని వాళ్ల కోసం మా అత్తగారి సంగతి చెబుతాను. ఆవిడ మూడు నెలల వీసా మీద వచ్చినప్పుడు హిర్ష్‌గార్టెన్‌కు తీసుకెళ్లాం. నగరంలోకెల్లా పెద్ద తోట, దాదాపు ఎనిమిది వేల మంది కూర్చోవచ్చు. 1780లో ఇక్కడి పాలకుడు వేట కోసం జింకలను పెంచిన వనం ఇది. ఇప్పుడు వేట లేదు కానీ బల్లల పక్కనే కంచెలో దుప్పులు ఉంటాయి. గేటు దాటగానే ఆవిడ నా కొంగు పట్టుకుని ఆపారు.

"అమ్మాయీ, ఇది సారా కొట్టు కాదు కదా?"

"కాదు అత్తయ్యా, పార్కు."

"మరి అందరి చేతుల్లో ఆ చెంబులేమిటి?"

బీరు అని చెప్పాను. అబద్ధం చెప్పి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ఆవిడ పెదవి బిగించి బెంచీ అంచున కూర్చున్నారు. స్టీలు డబ్బాలో పులిహోర, వేయించిన అప్పడాలు, పెరుగన్నం తెచ్చాం. మా ఎదురుగా డెబ్బై దాటిన ఒక బవేరియా ముసలావిడ ఇంటి నుంచి తెచ్చిన నీలం తెలుపు గళ్ల గుడ్డ బల్ల మీద పరిచింది. చెక్క పలక పెట్టింది, దాని మీద తెల్లటి పొడవాటి ముల్లంగి. దాన్ని తెగిపోకుండా మెలికలు మెలికలుగా కోసి, సాగదీసి, మడతల్లో ఉప్పు చల్లి, నీరు ఊరేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. మా అత్తగారు కళ్లప్పగించి చూశారు. "పచ్చి ముల్లంగే! ఇంత ఓపికగానా?" అన్నారు. అటు నుంచి రెండు మెలికలు ఇటు వచ్చాయి. ఇటు నుంచి గరిటెడు పులిహోర అటు వెళ్లింది. ఆవిడకు మిరపకాయ తగిలింది. పక్కనే ఉన్న అర లీటరు గుటకలు వేసి, మళ్లీ గిన్నె చాపింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు, అయినా మోకాళ్ల నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎలాగని అడగకండి, చేతులతోనే.

ఇంటికి వచ్చాక అత్తగారి తీర్పు ఇది: "తాగుతున్నారు గానీ ఒక్కడూ తూలలేదు." పూర్తి నిజం కాకపోవచ్చు. శనివారం రాత్రి పదింటికి వెళితే తూలేవాళ్లు, గొంతెత్తి పాడేవాళ్లు కనిపిస్తారు. పెద్దవాళ్లను, పిల్లలను తీసుకెళ్లేవాళ్లు సాయంత్రం ఐదుకు వెళ్లి ఎనిమిదికి లేవడం మంచిది. ఆరుబయట సిగరెట్లు కాలుస్తారు, అదీ చెప్పాలి. 2010లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి బవేరియాలో హోటళ్ల లోపల పొగ పూర్తిగా ఆగింది కానీ చెట్ల కింద ఆ నిషేధం లేదు. గాలి వాలు చూసుకుని కూర్చోండి.

ఎక్కడికి వెళ్లాలి? మొదటిసారి వచ్చిన వాళ్లకు నేను విక్టువాలియన్‌మార్క్ట్ చెబుతాను. అది 1807లో మొదలైన సంత. దాని మధ్యలోనే చెస్ట్‌నట్ చెట్ల కింద తోట ఉంది. నగరంలోని ఆరు పెద్ద బీరు సంస్థలకు అక్కడ వంతులు. చుట్టూ ఉన్న దుకాణాల్లో పండ్లు, జున్ను, ఆలివ్‌లు, రొట్టె కొనుక్కుని వచ్చి కూర్చోవచ్చు, డబ్బా మోయనక్కర్లేదు. రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగినది ఆర్నుల్ఫ్ వీధిలోని ఆగుస్టీనర్ కెల్లర్. అక్కడ పిల్లలకు ఆటస్థలం ఉంది. ఎంగ్లిషర్ గార్టెన్ ఉద్యానంలోని చైనా గోపురం కింద ఏడు వేల మంది పడతారు. గోపురం మీద నుంచి బాకాల బృందం వాయిస్తుంది. యుద్ధంలో కాలిపోతే 1952లో మళ్లీ కట్టారు. ఫోటోలకు బాగుంటుంది, రద్దీ భరించలేం.

ఆ గోపురం దగ్గరే జులై మూడో ఆదివారం తెల్లవారుజామున ఒక నాట్యం జరుగుతుంది, కోహర్ల్‌బాల్ అంటారు. దాని కథ నాకు చాలా ఇష్టం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ధనికుల ఇళ్లలో వంటవాళ్లు, పనిమనుషులు, దాదులు ఆదివారం పొద్దున్నే, యజమానులు నిద్ర లేవకముందే ఇక్కడ చేరి నాట్యం చేసేవాళ్లు. వాళ్లకు దొరికిన తీరిక అంతే. ఎనిమిదింటికల్లా మళ్లీ పొయ్యి దగ్గర ఉండాలి. నీతి తప్పుతున్నారని 1904లో అధికారులు దాన్ని ఆపించారు. 1989లో మళ్లీ మొదలైంది. ఇప్పుడు పాతకాలపు దుస్తులు వేసుకుని, కొవ్వొత్తులు, ఫలహారాలు తెచ్చుకుని వేలమంది చీకటితోనే బల్లలు పట్టుకుంటారు. ఈ తోటలు తాగుబోతుల కోసం పుట్టాయని రాసేవాళ్లు ఆ పనిమనుషుల సంగతి కూడా రాయాలి. ఇంట్లో కూర్చోవడానికి సొంత కుర్చీ లేని వాళ్లకు అక్కడ బెంచీ దొరికింది.

ఇప్పుడు మన వాళ్ల మీద ఫిర్యాదు. ఈ మధ్య తెలుగు కుటుంబాలు తోటలకు రావడం పెరిగింది, సంతోషం. కానీ సొంత తిండికి అనుమతి ఉందంటే సొంత పానీయాలకూ ఉందని కొందరు సంచుల్లో సీసాలు తెస్తున్నారు. యజమానికి వచ్చే ఆదాయమే పానీయం మీద. అదీ కొనకపోతే ఆయన బల్ల మనకెందుకు ఇవ్వాలి? పదిమంది కూర్చుని రెండు గ్లాసులతో సాయంత్రమంతా గడపడం కూడా బాగుండదు. పుట్టినరోజుకు స్పీకరు తెచ్చి పాటలు పెట్టిన వాళ్లను చూశాను, పక్క బల్లల వాళ్లు మౌనంగా లేచి వేరే చోటికి వెళ్లారు. తిన్నాక కాగితపు పళ్లేలు అక్కడే వదలకూడదు. తెచ్చిన సంచిలోనే చెత్త తిరిగి వెళ్లాలి. వేడిచేసే పొయ్యిలు తేకూడదని ఎవరూ రాసి పెట్టకపోయినా అది చెప్పించుకోవాల్సిన సంగతి కాదు. పిల్లలు దుప్పులకు అప్పడాలు పెట్టకుండా ఒక కన్ను వేసి ఉంచండి.

వాన వస్తే ఇదంతా చెల్లదు. మబ్బు పడితే కిటికీలు మూసేస్తారు, ముందు ప్రకటనా ఉండదు. అలాంటి రోజున తక్కువ ఖర్చులో కడుపు నింపుకోవాలంటే రైల్వే స్టేషన్‌కు దక్షిణాన గోయ్‌తె వీధి, లాండ్‌వేర్ వీధి చుట్టుపక్కలకు వెళ్లండి. తుర్కీ, అరబ్బు, అఫ్ఘాన్ హోటళ్లు వరసగా ఉంటాయి. పప్పు చారు, శనగల ముద్ద, వేడి రొట్టె, వంకాయ కూర దొరుకుతాయి. మాంసం తినేవాళ్లయితే మధ్యాహ్నం కసాయి దుకాణాల్లో నిలబడి రొట్టె ముక్కలో వేడి వేడి లేబర్‌కేస్, అంటే రుబ్బి కాల్చిన మాంసం ముక్క, పెట్టించుకుని తింటారు. బేకరీల్లో నిలబడి తాగే కాఫీ చవక. రాత్రి ఎనిమిది దాటాక బవేరియాలో మామూలు దుకాణాలు మూతపడతాయి. అప్పుడు రైహెన్‌బాఖ్ వంతెన పక్కన ఉన్న కియోస్కు లాంటివే దిక్కు, వేసవిలో అక్కడ కొనుక్కున్నవి పట్టుకుని జనం నది ఒడ్డున రాళ్ల మీద కూర్చుంటారు. ఇవన్నీ బాగానే ఉంటాయి. మా ఇంటికి పెద్దవాళ్లు వస్తే మాత్రం వాన ఆగేదాకా ఆగి తోటకే తీసుకెళతాను.

ప్రతి ఏప్రిల్, మే నెలల్లో పిల్లల దగ్గరికని ఎంతోమంది తల్లిదండ్రులు ఈ ఊరికి వస్తారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే నాలుగు గోడల మధ్య మూడు నెలలు గడిపి తిరిగి వెళతారు. మీ పత్రిక చదివే వచ్చేవాళ్లే వాళ్లలో ఎక్కువ. దయచేసి వాళ్ల కోసం తోటల పేర్లు, ఆ వట్టి బల్లల సంగతి, బంగాళదుంప సలాడ్ సంగతి చిన్న పెట్టెలోనైనా వేయండి. హిర్ష్‌గార్టెన్‌కు వెళ్లాలంటే రోమన్‌ప్లాట్స్ దాకా ట్రాము ఉంది, అక్కడి నుంచి పెద్దవాళ్లు నెమ్మదిగా నడిచి వెళ్లగలరు.

చివరిగా ఒక సవరణ. వ్యాసంతో పాటు 'మ్యూనిక్ బీరు తోట' అని పేరు పెట్టి మీరు వేసిన ఫోటోలో పైన రంగు గుడ్డల అలంకరణ, మధ్యలో వాద్యబృందం వేదిక, బెంచీల మీద నిలబడి ఊగుతున్న జనం కనిపిస్తున్నారు. అది ఒక్టోబర్‌ఫెస్ట్ డేరా లోపలి ఫోటో. అందులో ఒక్క చెట్టూ లేదు. వచ్చే సంచికలో ఆ పేరు సరిచేయగలరు.

ఇట్లు
మీ పాఠకురాలు,
మ్యూనిక్